పోచి కాళ్ల బందం

కట్టేసిన కాలికి బలం పెరుగుతుందా, లేక బయటపడాలన్న ఆశ మాత్రమే పెరుగుతుందా అన్న సందేహం ఈ కథ చెప్పేవాడికి చాలా ఏళ్లుగా ఉంది. ఇది సొంత సందేహం కాదు. ఆలేరు దగ్గరి పల్లెలో గొర్రెలు కాచుకునే గోపయ్య దగ్గర అంటుకున్నది. గోపయ్యకు పోచి అని ఒక నల్ల మేక ఉంది. దానికి కంచె దూకడం తప్ప వేరే పని లేదు. ఊరివాళ్ల పోరు పడలేక గోపయ్య నల్ల ఉన్నితో నాలుగు వేళ్ల వెడల్పున బందం అల్లి దాని ముందరి కాళ్లకు వేశాడు. వానకాలమంతా అది గెంతుకుంటూ తిరిగింది. పంటలు ఇళ్లకు చేరాక బందం విప్పితే, ఎప్పుడూ దూకే కంచెను వదిలేసి పక్కనున్న గడ్డివామును దూకింది. మరుసటి వానకాలానికి మళ్లీ బందం పడింది.

గోపయ్య తన సందేహాన్ని పశువుల డాక్టరును అడిగాడు. ఆయన నవ్వి మందు రాసిచ్చాడు. యాదగిరిగుట్ట నరసింహస్వామినే అడుగుదామని అనుకున్నాడు గానీ, స్వామికి ఆయన ఒక కొబ్బరికాయ బాకీ. బాకీ ఉన్నవాడు ఏ ముఖం పెట్టుకుని ప్రశ్నలు అడుగుతాడు?

ఆ బాకీ పాతది. కూతురు పుష్పకు మూడేళ్లు నిండినా నడక రాలేదు. భార్య సత్తమ్మ గుట్ట వైపు తిరిగి, నా బిడ్డ నడిస్తే చాలు, కాయ కొడతానని మొక్కింది. పిల్ల నడిచింది. ఆ ఏడు వానలు లేక గోపయ్య గొర్రెలను కృష్ణా నది ఒడ్డుకు, ఆత్మకూరు దాకా తోలుకుపోయాడు. మరుసటేడు గొర్రెలకు రోగం. ఆ తర్వాత కాయ కొనుక్కొచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ఆటంకం రావడం, తల్లి బీరమ్మ దాన్ని పచ్చడి చేయడం జరిగేవి. చివరికి సత్తమ్మే పోయింది. మబ్బు లేని పొద్దున గొర్రెలు మేసే మిట్ట మీద నుంచి చూస్తే గుట్ట గోపురం సన్నగా కనిపిస్తుంది. గోపయ్య అటు తిరిగి దండం పెట్టి, అప్పిచ్చినవాడి ఇంటి ముందు నుంచి పోయే మనిషిలా గబగబా ముఖం తిప్పుకునేవాడు.

ఆ గురువారం పొద్దున ఆయన అనుకున్నది చిన్న పని. ఆదివారం పుష్పను ఆలేరులో రైలెక్కించాలి. ఆమెకు హైదరాబాదులో లాంగ్‌జంప్ ఎంపిక పోటీ ఉంది. అటు నుంచి అటే గుట్టకు పోయి కాయ కొట్టాలి. కాయ ముందే కొని, బీరమ్మకు అందకుండా అటక మీద దాచి, గొర్రెలను తోలుకుని వెళ్లాడు.

ఆయన వెళ్లగానే పుష్ప దొడ్లోకి వెళ్లింది. భువనగిరిలో డిగ్రీ చదువుతున్న ఆ పిల్లకు ఎండాకాలంలో మోకాలు నొప్పి పట్టింది. పెద్ద బరువులెత్తే కసరత్తు మానాల్సి వచ్చింది. బరువులెత్తకపోతే దూకే కాలికి ఊపు రాదు. అప్పుడు కోచ్ రఘుపతి సారు వేరే పద్ధతి చెప్పాడు. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టేలాంటి వెడల్పాటి పట్టీలు రెండు ఇచ్చి, తొడల పైభాగాన ఎంత బిగువుగా కట్టాలో గీత గీసి చూపించాడు. అలా కట్టుకుని తేలికపాటి బరువుతో కూర్చుని లేస్తే చాలు, పెద్ద బరువు ఎత్తినట్టే కండ కష్టపడుతుంది. పుష్పకు ఇంట్లో తేలికపాటి బరువు అంటే గొర్రెపిల్లే. దాన్ని మెడ మీద వేసుకుని, ఎవరూ చూడని దొడ్లో, కొద్ది వారాలుగా ఆ పని చేస్తోంది. తండ్రికి చెప్పలేదు. ఆయన అడగలేదు.

పోటీకి ముందు ఇదే ఆఖరిసారి, తర్వాత కాళ్లకు విశ్రాంతి ఇవ్వమని సారు చెప్పి ఉన్నాడు. తీరా చూస్తే ఒక పట్టీని పోచి సగం నమిలేసి, మిగతా సగం ఎలా నమలాలా అని ఆలోచిస్తోంది. పుష్ప కాసేపు దాని ముఖం చూసింది. తర్వాత దాని కాళ్ల బందం విప్పి తన తొడకు కట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి నర్సింగమ్మ గంప అడగడానికి వచ్చి ముళ్లకంచె మీదుగా లోపలికి చూసింది. పిల్ల కాలికి గోపయ్య బందం. ఆ ముడి ఊళ్లో ఇంకెవరికీ రాదు. మెడ మీద గొర్రెపిల్ల. పిల్ల గుంజీలు తీస్తోంది. తొడలు మండిపోతుంటే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నర్సింగమ్మ గంప సంగతి మరిచి వెనక్కి నడిచింది. ఏంటి బిడ్డా అని ఒక్క మాట అడిగితే కథ అక్కడే ఆగేది. కానీ సత్తమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంటివాళ్లను ఎవరూ ఏమీ అడగడం లేదు. దుఃఖంలో ఉన్నవాళ్లను అడిగి బాధపెట్టకూడదన్నది ఊరి మర్యాద. అడగకుండా ఊహించుకోవడానికి మాత్రం ఆ మర్యాద అడ్డురాలేదు.

"గోపన్న బిడ్డ కాళ్లకు మేక బందం ఏసిండయ్యా. మెడ మీద గొర్రెపిల్లను పెట్టి గుంజీలు తీపిస్తుండు," అని మొగుడు కాటమయ్యకు చెప్పింది.

"ఎందుకట?"

"ఎందుకేంది. ఆడిపిల్ల రోజూ భోనగిరి పోతది, పొద్దుమీకినంక వస్తది. తల్లి లేదాయె. ఏం అనుమానం వచ్చిందో."

"గోపయ్య ఇంట్ల లేడు గద. గొర్లెంబడి పోంగ నేనే సూసిన."

"ఆయన లేకున్న తీస్తున్నదంటే, ఎంత భయం పెట్టిండో సూడు."



బందం లేని పోచి మధ్యాహ్నానికల్లా కంచె దూకి కాటమయ్య చిక్కుడు పందిరి మీద పడింది. సాయంత్రం గోపయ్య దాన్ని చెవి పట్టుకుని ఈడ్చుకుపోతూ, సిగ్గుపడుతూ, "చెల్లే, దీని బందం ఏడనో పడ్డది. మీరేమన్న సూసిన్రా?" అని అడిగాడు.

నర్సింగమ్మ చీపురు ఆపకుండానే, "నీ బందం ఏడున్నదో నీకెరుకనే, మాకెరుకనే. పైనున్న దేవునికి గూడ ఎరుకనే," అంది.

చిక్కుడు పందిరి పోయిన కోపం అనుకున్నాడు గోపయ్య. ఇంటికొచ్చి కూతురిని అడిగాడు. "దొడ్ల కొయ్యకు ఉన్నదేమో సూడు నాయినా," అంది పుష్ప. బందం కొయ్యకే ఉంది. ఆ రోజు తండ్రీకూతుళ్ల మధ్య నడిచిన మాటలు అవే. మిగతా రోజుల్లో అన్ని కూడా ఉండేవి కావు. సత్తమ్మ ఉన్నప్పుడు ఆ ఇద్దరి మాటలూ ఆమె మీదుగా పోయేవి. ఇప్పుడు ఆ దారి లేదు.

శుక్రవారం కాటమయ్య పనిమీద ఆలేరు వెళ్లి, రైల్వే స్టేషను దగ్గర ఎల్లేష్ హోటల్లో చాయ్ తాగాడు. ఎల్లేష్ సత్తమ్మ తమ్ముడు. అక్క దినాలు అయిన రోజు నుంచి బావ ఇంటి గడప తొక్కలేదు. సత్తమ్మకు జ్వరం ముదిరినప్పుడు గోపయ్య గొర్రెలతో ఆత్మకూరు దగ్గర ఉన్నాడు. హైదరాబాదు దవాఖానకు తీసుకుపోతానని ఎల్లేష్ ఫోన్ చేస్తే, "నేనొస్తున్న, జర ఆగు," అన్నాడు. ఎల్లేష్ ఆగాడు. సత్తమ్మ ఆగలేదు. జర ఆగు అన్న ఆ రెండు మాటలూ ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయాయి.

కాటమయ్య చెప్పింది నర్సింగమ్మ చెప్పినదే. కానీ ఆ మాట చాయ్ తాగేవాళ్ల నోళ్లు తిరిగి ఎల్లేష్ ఇంట్లోకి చేరేసరికి ఉన్ని బందం ఇనుప గొలుసైంది, పిల్ల అన్నం మానేసి వారమైంది.

శనివారం పొద్దున ఎల్లేష్, అతని భార్య రమ ఆటోలో దిగారు. గోపయ్య వాకిట్లో గొర్రెపిల్లకు పాలు తాగిస్తున్నాడు.

"మా అక్క లేదని బిడ్డను గొర్రెలెక్క కట్టేస్తవా బావా?" అన్నాడు ఎల్లేష్, కూర్చోకుండానే.

గోపయ్య వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన ఎవరికీ ఎప్పుడూ వెంటనే జవాబు చెప్పడు. జీవితమంతా గొర్రెల మధ్య గడిచింది, వాటికి తొందర లేదు. పైగా ఇన్నేళ్లకు బావమరిది ఇంటికొచ్చాడు, మంచం వాల్చాలా, ముందు నీళ్లివ్వాలా అని ఆలోచిస్తున్నాడు. ఆ ఆలస్యాన్ని ఎల్లేష్ నేరం ఒప్పుకోవడంగా తీసుకున్నాడు.

"సూసినవా రమా, నోట్లకెళ్లి మాట వస్తలేదు."

గుమ్మంలో కూర్చున్న బీరమ్మ కల్పించుకుంది. "నా కొడుకా కట్టేసేది? మేకకు బందం ఏసిననాడే బువ్వ తినలే వాడు. పెండ్లాన్ని ఒక మాట అనలే, బిడ్డను ఒక మాట అనలే. అనకనే ఇల్లు గిట్లయింది."

పుష్ప బయటికొచ్చింది. "నాయిన కట్టలే మామా. నేనే కట్టుకున్న."

రమ బుగ్గలు నొక్కుకుంది. "ఎట్ల మారిందో సూడు పిల్ల. గట్ల చెప్పుమని నూరిపోసిండు."

"లేదత్తా. కట్టుకుంటే కాలికి బలమొస్తది. దూరం దుంకుత."

ఎల్లేష్ కొయ్యకున్న బందాన్ని చూశాడు. పిల్లను చూశాడు. "మతి గూడ పోగొట్టినవు బావా," అన్నాడు మెల్లగా. అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అక్క విషయంలో ఆగి తప్పు చేశానని ఇన్నేళ్లు కుమిలినవాడు, ఈసారి ఆగదలుచుకోలేదు. పిల్ల చేయి పట్టుకుని ఆటో ఎక్కించాడు. రేపు పొద్దున బండికి పోవాలని గోపయ్య నోరు తెరిచేసరికి ఆటో మలుపు తిరిగింది.

ఆలేరులో పుష్ప పోటీ సంగతి చెప్పి ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. తండ్రి ఫోన్ చేసి బెదిరిస్తాడని రమ ఆమె ఫోన్ ఆపి దాచింది. పిల్ల భయంతో మళ్లీ అక్కడికే పారిపోతుందని గదిలో పెట్టి బయట గొళ్లెం వేశారు. మతి కుదుటపడాలని చేతికి తాయెత్తు కూడా కట్టారు. కాళ్లు కట్టేశారని తీసుకొచ్చిన పిల్లకు ఇవన్నీ చేశారు. ప్రేమతోనే చేశారు, అందుకే ఎదురు చెప్పడానికి పుష్పకు దారి దొరకలేదు. వంటింట్లో పూరీలు వేగుతున్న వాసన వస్తుంటే గోడకు ఆనుకుని ఏడ్చింది.

సాయంత్రం పుష్ప ఫోన్ కలవక రఘుపతి సారు గోపయ్యకు చేశాడు. బందం మాట విని ముందు ఉలిక్కిపడ్డాడు. "తాడు గాదు గద?"

"ఉన్నిది సారు. మెత్తగుంటది. ఎడల్పుగుంటది."

"అయినా సరే, చెప్పకుంట అట్ల కట్టుకోవద్దు. బిగుసుకుంటే కాలికే మోసం." తర్వాత నిదానంగా చెప్పాడు. "పూర్తిగ కట్టెయ్యం గోపయ్యా. పోయే రక్తం జర సన్నగయితది, తిరిగొచ్చే రక్తం ఆడనే జరసేపు ఆగుతది. అప్పుడు చిన్న బరువు గూడ కండకు పెద్ద బరువైతది. పట్టీ ఇప్పినంక దుంకుడు సాధన చేపిస్తం. కట్టు ఒక్కటే పని చెయ్యదు, కట్టుడు, విప్పుడు రెండూ ఉండాలె."

గోపయ్య ఫోన్‌ను రెండో చెవికి మార్చాడు. "మేకకు గూడ గట్లనే అయితదా సారు?"

"మేక సంగతి నాకు తెల్వదు. పిల్లను పొద్దుగాల బండికి తీసుకరా. గీసారి రాకుంటే వచ్చే యేటికి వయసు దాటుతది. ఇగ ఈ ఎంపిక లేనట్టే."

ఆదివారం తెల్లవారుతుండగా గోపయ్య, హోటలును ఆనుకునే ఉన్న ఎల్లేష్ ఇంటి ముందుకు చేరాడు. భుజాన సంచి, అందులో అటక మీది కాయ, పోచి బందం. స్టేషనుకు పోయేవాళ్లు హోటలు ముందు చాయ్ తాగుతున్నారు. ఎల్లేష్ పొయ్యి వదిలి వచ్చి తన ఇంటి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. సారు చెప్పిందంతా గోపయ్య దారి పొడుగునా నెమరువేసుకుంటూ వచ్చాడు. సన్నగయ్యే రక్తం, ఆగే రక్తం, విప్పే పట్టీ. తీరా బావమరిది ముఖం చూడగానే ఒక్క ముక్కా నోటికి రాలేదు. సరే, చేసి చూపిద్దామనుకున్నాడు. పంచె మీద నుంచే తొడకు బందం చుట్టుకున్నాడు. సంచిని మెడ మీద గొర్రెపిల్లలా వేసుకున్నాడు. "సూడు ఎల్లేషూ," అని కూర్చుని లేచాడు. మళ్లీ కూర్చుని లేచాడు.

చాయ్ తాగేవాళ్లు గ్లాసులు దించారు.

"ఎవరాయన? గుంజీలు తీస్తుండు?"

"ఎల్లేష్ బావ. అక్క సచ్చిపోయినప్పుడు టైముకు రాలే. మాఫీ అడుగుతుండు."

"గింత పెద్దమనిషి, నడిబజార్ల. పాపం."

ఆ మాటలు ఎల్లేష్ చెవినపడ్డాయి. గోపయ్య చెవిన పడలేదు. కండ ఎట్లా కష్టపడుతుందో బావమరిదికి కనిపించాలని ఇంకొంచెం లోతుగా కూర్చుంటున్నాడు. ఎల్లేష్ చేయి ఎత్తి, "చాలు బావా," అన్నాడు.

"జర ఆగు," అన్నాడు గోపయ్య రొప్పుతూ. "ఇంక కాలే."

అన్నాక ఆయనకు ఆ రెండు మాటలూ వినిపించాయి. ఎల్లేష్‌కూ వినిపించాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి గోపయ్య చుట్టూ చూశాడు. జనం ముఖాలు చూశాడు. తాను చేస్తున్నది వాళ్లకు ఏమని కనిపిస్తోందో అప్పుడు తెలిసింది. ఇది కసరత్తు, నా బిడ్డ చేసేది ఇదే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. అప్పటి నుంచి తీసినవి మాత్రం గుంజీలే.

ఎల్లేష్ వచ్చి చంకల కింద చేతులు వేసి ఆపాడు. "నేను గూడ ఆగకపోవాల్సి ఉండె బావా. నువ్వు ఆగుమన్నా నేను ఆగొద్దుండె," అన్నాడు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. లోపల రమ ఎవరూ చెప్పకుండానే గొళ్లెం తీసింది.

పుష్ప బయటికొచ్చి తండ్రి తొడను చూసింది. "గంత లోతు కూసోవద్దు నాయినా. మోకాళ్లు పోతయి," అంది. వంగి బందం ముడి తనే విప్పింది. కింద ఒక వేలు పట్టే సందుందో లేదో కూడా చూసింది.

బండి ముగ్గురూ ఎక్కారు. తన హోటలు ఎవరు చూస్తారన్నది ఎల్లేష్‌కు భువనగిరి దాటాక గుర్తొచ్చింది.

మైదానంలో గోపయ్యకు అర్థమైంది తక్కువ. మొదటిసారి పుష్ప గీత తొక్కిందని జెండా ఎత్తారు. రెండోసారి దూకింది, సారు తల పంకించాడు. మూడోసారి పరుగెత్తి వచ్చి గీత దగ్గర నేలను ఒక్క తన్ను తన్నింది. గడ్డివాము మీద పోచిని చూసిన రోజు గోపయ్య నోరు ఎలా తెరుచుకుందో అలాగే తెరుచుకుంది. ఎల్లేష్ ఈల వేశాడు.

ఎంపికైన వాళ్ల పేర్లలో పుష్ప పేరు చదివారు. సారు దగ్గరికొచ్చి వివరాలు చెప్పాడు. ఇక చదువూ సాధనా అన్నీ హాస్టల్లోనే. అది మహబూబ్‌నగర్ అవతల ఉంది. ఈ వారంలోనే చేర్చాలి. పండుగలకు పంపిస్తారు, పోటీలు లేకపోతే.

"మంచిది సారు," అన్నాడు గోపయ్య.

తిరుగు బండిలో పుష్ప కిటికీ పక్కన కూర్చుని తండ్రితో ఆగకుండా మాట్లాడింది. గీత ఎలా తొక్కిందో, మూడోసారి ఏమనుకుందో, మెడ మీద గొర్రెపిల్ల ఒకరోజు ఏం చేసిందో, అన్నీ చెప్పింది. సత్తమ్మ పోయాక ఆ పిల్ల అంతసేపు మాట్లాడడం అదే మొదలు. గోపయ్య ఊ కొడుతూ వింటున్నాడు. ఒడిలో సంచి, సంచిలో బందం. బిడ్డను కట్టేశాడని ఊరంతా తన మీద వేసిన నింద గుర్తొచ్చింది. ఆ నింద పడ్డ రోజున ఆయన మనసులో అలాంటి ఆలోచనే లేదు. ఇప్పుడు మాత్రం చేయి తనకు తెలియకుండానే సంచిలోకి పోయి ఆ ఉన్నిని తడిమింది. కాసేపు అలాగే పట్టుకుని ఉండి, చేయి బయటికి తీసుకున్నాడు.

రాయగిరిలో దిగి ఆటోలో గుట్టకు వెళ్లారు. ఎన్నో ఏళ్లుగా ఇంత దగ్గర దారిని ఎందుకు నడవలేదో గోపయ్య మెట్లెక్కుతూ తనకు తాను ఒప్పుకున్నాడు. మొదట గొర్రెల వల్లే. కానీ సత్తమ్మ పోయాక గొర్రెల వల్ల కాదు. ఈ లోకంలో ఆమె చేయాల్సిన పని ఇంకా ఒకటి మిగిలి ఉందంటే, ఆమె పూర్తిగా పోనట్టే ఉండేది. కాయ కొడితే అది కూడా అయిపోతుంది.

"అమ్మ ఏమని మొక్కింది నాయినా?" అంది పుష్ప, కాయకు పసుపు రాస్తూ.

"నువ్వు నడిస్తే చాలని."

కాయ పుష్ప చేతికే ఇచ్చాడు. పక్కన ఎల్లేష్ కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలైంది. బాకీ తీరింది గనుక ఇక గోపయ్య స్వామిని ఏదైనా అడగవచ్చు. చేతులు జోడించాడు, పోచి సంగతి నోటిదాకా వచ్చింది, అడగకుండానే చేతులు దించుకున్నాడు.

నడిస్తే చాలని మాత్రమే సత్తమ్మ మొక్కుకుంది. అంత దూరం దూకాలని స్వామిని ఎవరూ అడగలేదు.